అవసరం లేదని తేలిన పనులు

పోయిన నెల నెల్లూరులో మా తమ్ముడి కూతురు సుమ ఇంట్లో రెండు రోజులు ఉన్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక దాని కూతురు, పదేళ్ళ ఆద్య, తిన్న కంచం బల్ల మీదే వదిలి లేచింది. "కడిగి పెట్టు" అంది సుమ. ఆద్య ఆగి, కాసేపు ఆలోచించి, "రాత్రికి ఎట్టాగూ మళ్ళీ తింటాం గదమ్మా. అప్పుడు రెండు పూటలదీ కలిపి కడిగితే నీళ్ళు మిగుల్తాయి" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ వాదం నాది. అరవై ఏళ్ళ కిందట, ఆద్యకున్న వయసులోనే, మా ఇంటి పంచలో నిలబడి నేను చేసిన వాదం. ఒక్క మాట కూడా మారకుండా, ఎవరూ నేర్పకుండా, ఈ పిల్ల నోట్లోకి ఎట్లా వచ్చిందో! "నువ్వు నవ్వితే ఇంక నా మాట ఎవరు వింటారత్తా?" అని సుమ విసుక్కుంది. వాళ్ళింట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక పట్టిక అతికించి ఉంది. పని చేసినప్పుడల్లా ఒక నక్షత్రం, నక్షత్రాలు చాలినన్ని అయితే కాసేపు ఫోను. మొదటి వారం ఆద్య ఇల్లంతా తుడిచిందట. రెండో వారం తుడిచిన చోటే మళ్ళీ తుడిచిందట. మూడో వారానికి అమ్మ ఫోనూ విసుగొచ్చింది, నక్షత్రాలూ విసుగొచ్చాయట. "మీ చేత మా తాత పనులు ఎట్టా చేయించినాడత్తా? నాన్ననడిగితే నవ్వి, మీ అత్తనే అడుగు అంటాడు" అంది సుమ. మీ తాత చేయించలేదే, చేయించింది మీ అవ్వ, అన్నాను. ఆ రోజు దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. చెప్పేటప్పుడు వదిలేసినవి కూడా కలిపి రాస్తున్నాను.

మా ఊరు బోగోలుకు తూర్పున, సముద్రానికి ఒక మైలు ఇవతల. ఇసుక నేల. ఇంటి వెనక సరుగుడు తోపు. సముద్రపు గాలి తిరిగిందంటే సూదుల్లాంటి ఆకు రాలి వాకిట్లో, పంచలో, ఆరేసిన బట్టల మీద, ఒక్కోసారి మజ్జిగలో కూడా పడేది. ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళకు దొరువు దగ్గరికి పోవాలి. దొరువంటే ఇసుకలో వెడల్పుగా తవ్విన లోతులేని గుంట. మెట్లేమీ ఉండవు, వాలుగా దిగి కడవ ముంచుకోవడమే. తెల్లారగానే మా ఇంట్లో మూడు వాసనలు లేచేవి: పొయ్యిలో రాజుకున్న సరుగుడు ఆకు పొగ, రాత్రంతా వెలిగిన లాంతరు కిరసనాయిలు, పక్కింటి మరియమ్మత్త వాకిట్లో ఎండేసిన నెత్తళ్ళనే చిన్న చేపలు. ఈ మూడూ కలిసిన వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికితే మంచిదని కూడా నేను అనను. ఆ పొగకు అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి.

నాయన బిట్రగుంట దగ్గరి బళ్ళో అయ్యవారు. సైకిలు మీద పోయి వచ్చేవాడు. నమ్మకాల మీద యుద్ధం ప్రకటించిన మనిషి. సోది చెప్పేవాళ్ళతో వాదించేవాడు, తాయెత్తులు కట్టేవాళ్ళతో వాదించేవాడు, మంచిరోజు చూడకుండా పెళ్ళిళ్ళు చేయించేవాడు. స్త్రీలు చదువుకోవాలని సభల్లో గొంతు పోయేదాకా మాట్లాడేవాడు. ఆయన ధైర్యాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. నాకు కలం పట్టడం వచ్చింది ఆయన వల్లనే. పిల్లల పెంపకం మీద కూడా ఆయనకొక సిద్ధాంతం ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళల్లో సాయంత్రం కసువు చిమ్మకపోతే లక్ష్మి గడప తొక్కదని పిల్లలను బెదిరించేవాళ్ళు. మరియమ్మత్త ఇంట్లో ప్రభువు చూస్తా ఉంటాడనేవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో బెల్లం ముక్క, కొన్ని ఇళ్ళల్లో వేపబెత్తం. నాయన ఈ నాలుగింటినీ మా గడప లోపలికి రానివ్వలేదు. "భయపెట్టి చేయిస్తే పిల్లలు బానిసలవుతారు, ఆశపెట్టి చేయిస్తే లంచగొండులవుతారు. కారణం చెప్పి చేయించు సుశీలా. కారణం చెప్పలేని పని చేయించే హక్కు మనకు లేదు" అని అమ్మతో అనేవాడు. ఈ మాటలో ఈ రోజుకీ నాకు తప్పు కనపడదు. తప్పు ఆయన దాన్ని అమలుచేసిన పద్ధతిలో ఉంది.

ఆ పద్ధతి పేరు మినహాయింపు. ఆదివారం పొద్దున పంచలో సభ. నాయన పడక కుర్చీలో అధ్యక్షుడు. పక్కన స్టూలు మీద టైంపీసు. నాకూ, నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు సుధాకర్‌కూ అప్పగించిన ఇంటి పని ఏదైనా సరే, అది అవసరం లేదని మూడు నిమిషాల్లో నిరూపించి, ఎదుటివాళ్ళు జవాబు చెప్పలేకపోతే, ఆ పని నుంచి మాకు మినహాయింపు. అమ్మ జవాబు చెప్పాలి. కానీ ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లో ఉండేది. లోపలి నుంచి ఒకటో రెండో మాటలు వినిపించేవి, మధ్యలో పోపు చిటపటలో కలిసిపోయేవి. "ప్రతిపక్షం నుంచి సమాధానం లేదు" అని నాయన తీర్పు చెప్పేసేవాడు.

మేము ఎంత తొందరగా ఆరితేరామో! వాకిలి చిమ్మడం నా పని. పొద్దున చిమ్మితే మధ్యాహ్నానికి గాలి మళ్ళీ ఆకు తెచ్చి పోస్తుంది, ఫలితం నిలవని శ్రమ వృథా శ్రమ అన్నాను. మినహాయింపు. సుధాకర్ పని లాంతరు చిమ్నీ తుడవడం. "ఒత్తి ఎక్కువ పెంచితేనే మసి పడతది. ఒత్తి పెంచేది నాయన. మసి చేసినోళ్ళు తుడుచుకోవాల గదా" అన్నాడు వాడు. నాయన కుర్చీలో అటూ ఇటూ కదిలి, గట్టిగా నవ్వి, వాడికీ మినహాయింపు ఇచ్చాడు. చిమ్నీని మాత్రం తాను అందుకోలేదు. నెత్తళ్ళు వచ్చిన రోజు తలలు గిల్లడం మా ఇద్దరి పని. వేళ్ళు రెండు రోజులు నీచు వాసన కొట్టేవి. చిన్న చేపను తలతో సహా తింటే బలమని నాయన తెప్పించే పత్రికలోనే చదివి, ఆ కాగితం చూపించాం. మినహాయింపు. ఇక తిన్న కంచాలు. వాటి సంగతి మొదట్లోనే చెప్పాను. ఆ వాదానికి నాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంటికి వచ్చిన స్నేహితులందరికీ చెప్పుకునేవాడు: "మా పిల్లలకు పని చెప్పాలంటే ముందు మనం ఆలోచించుకోవాల!" వాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు, అమ్మ ఇచ్చిన టీ తాగుతూ.

ఆరు నెలల్లో మేమిద్దరం దాదాపు ఏ పనీ లేని పిల్లలమయ్యాం. అయినా వాకిలి శుభ్రంగానే ఉండేది. చిమ్నీ తళతళలాడేది. కంచాలు బోర్లించి ఉండేవి. అవి ఎట్లా జరిగాయని మేము ఒక్కసారి కూడా అడగలేదు. కారణం లేకుండా ఏదీ జరగదని ప్రతి ఆదివారం వల్లించిన పిల్లలం!

అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదివింది. ఆ ఏడాది నాయన ఆమె చేత పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా దరఖాస్తు పెట్టించాడు. పాసైతే పక్క ఊరి ఆడపిల్లల బళ్ళో పంతులమ్మగా చేరే వీలుంది. ఊరంతా చెప్పుకున్నాడు. పుస్తకాలు కొని తెచ్చాడు. లెక్కల పుస్తకం పొయ్యి పైనున్న అలమరలో ఉండేది. అంచులు పొగచూరి, లోపల ఒక పేజీ మీద పసుపు వేలిముద్ర. అమ్మ గరిటె తిప్పుతూ ఒక లెక్క చూసేది, బియ్యం ఏరుతూ ఇంకొకటి. అన్నీ ముగించి పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటే తల వాలిపోయేది. "నీకు శ్రద్ధ లేదు సుశీలా. శ్రద్ధ ఉంటే తీరిక అదే వస్తుంది" అనేవాడు నాయన, మనస్ఫూర్తిగా బాధపడుతూ. ఒక రోజు దొరువు దగ్గర అమ్మ కడవ ముంచుతూ మరియమ్మత్తతో అనడం విన్నాను. "ఈసారి కాకపోతే ఇంక పరీక్షకు కూర్చోనక్కా. రెండోసారి నవ్వులపాలు గావడం నా వల్లగాదు." పరీక్షకు అప్పటికి మూడు నెలలు కూడా లేదు. ఆ మాటకూ, నా మినహాయింపులకూ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

ఆ తర్వాతి ఆదివారం సుధాకర్ ఇంకా మిగిలిన మంచినీళ్ళ కడవ పని మీద వాదం మొదలుపెట్టబోతుండగా, అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ పంచలోకి వచ్చింది. "అధ్యక్షా, నాకు మాట్లాడే అవకాశం ఉందా?" అంది. నాయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకు భార్య సభకు వచ్చింది! టైంపీసు తిప్పబోయాడు. "మూడు నిమిషాలక్కర్లా. అడగాల్సింది కొంచెమే" అంది అమ్మ. "ఇన్నాళ్ళలో అవసరం లేదని తేలిన పనులు ఏందో ఒకసారి చదవమనండి."

సుధాకర్ ఛాతీ విరుచుకుని వేళ్ళ మీద చెప్పాడు. వాకిలి, చిమ్నీ, నెత్తళ్ళు, కంచాలు, బట్టలు మడతపెట్టడం.

"ఇవన్నీ నిజంగా అవసరం లేని పనులేనా?"

"సభ తీర్మానం అదే" అన్నాడు నాయన.

"అవసరం లేని పని తెలివుండేవాళ్ళు చేస్తారా?"

"చెయ్యరు. చెయ్యగూడదు."

"మరి నేనేంది అయ్యవారూ చేస్తా ఉండేది?"

కోపం వచ్చినప్పుడు మాత్రమే అమ్మ నాయనను అయ్యవారూ అనేది. ఆ మాట అని, లోపలికి పోయి లెక్కల పుస్తకం తీసుకుని, మరియమ్మత్త పంచలోకి పోయి కూర్చుంది.

ఆ వారం మా ఇంట్లో తర్కం రాజ్యమేలింది. అమ్మ వంట మానలేదు. వంట అవసరం లేదని ఎవరూ నిరూపించలేదు గదా! తీర్మానాల్లో ఉన్న పనులు మాత్రమే, ఒక్కటి కూడా తప్పకుండా, మానేసింది. సోమవారం మధ్యాహ్నం కంచాలు కడగలేదు. రాత్రి అన్నానికి కూర్చుంటే, ఎండిపోయిన పప్పు అంటుకున్న అదే కంచం నా ముందు పెట్టి, దాని మీదే అన్నం వడ్డించింది. "అమ్మా, ఇది ఎంగిలి కంచం!" అన్నాను. "నువ్వే గదమ్మే చెప్పినావు, మళ్ళీ తినేది ఇందులోనే అని. తిను. రెండూ కలిపి కడుగుదువులే" అంది, ఎంతో మర్యాదగా. మంగళవారం నెత్తళ్ళు వచ్చాయి. తలలతో, పేగులతో సహా పులుసయ్యాయి. ముద్ద నోట్లో పెట్టగానే సుధాకర్ కళ్ళు పెద్దవయ్యాయి. చేదు! "బలం నాయనా, బలం. పత్రికలో రాసుండారు" అని అమ్మ వాడికి ఇంకో గరిటె వేసింది. నాయన కూడా తిన్నాడు. ఆ రాత్రి చిమ్నీ ఎంత నల్లబడిందంటే, ఆయన బడిపిల్లల నోటుపుస్తకాలు దిద్దలేక లాంతరును నాలుగు వైపులా తిప్పి చూసి, చివరికి పక్కన పెట్టేశాడు. బుధవారానికి సరుగుడు ఆకు వాకిలి దాటి పంచలోకి, పంచ దాటి మా చాపల మీదికి వచ్చింది.

మరియమ్మత్త మా వాకిట్లో నిలబడి బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "ఏంది సుశీలా, ఇల్లు ఇట్టా ఉండాది? మా ఇంట్లో ప్రభువు చూస్తా ఉండాడంటే చాలు, పిల్లోళ్ళు ఉరికిపోయి చీపురు పట్టుకుంటారు. మీ ఇంట్లో చూసేవాళ్ళే లేరాయె!"

"నేను చూస్తా ఉండా గదక్కా" అంది అమ్మ, పుస్తకంలోంచి తలెత్తకుండా. "చూస్తా మాత్రమే ఉండా."

మరియమ్మత్త పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఆ రోజు మొదటిసారి నవ్వు రాలేదు. పంచ అవతల అమ్మ పుస్తకం మీద వంగి, పెదాలు కదుపుతూ లెక్క చేస్తోంది. పగటిపూట ఆమె కూర్చుని ఉండడం నేను ఎప్పుడు చూశానా అని వెతుక్కున్నాను. గుర్తు రాలేదు. ఆరు నెలలుగా మేము గెలిచిన ప్రతి వాదమూ ఆమె చదువులోంచి ఒక గంట కోసుకుపోయింది. దొరువు దగ్గర విన్న మాట అప్పుడు అర్థమైంది. రాత్రి సుధాకర్‌తో చెప్పాను. "అయితే మనం గెలవలేదా అక్కా?" అన్నాడు.

మళ్ళీ ఆదివారం. అమ్మ అవతలి పంచలోనే ఉంది. నాయన కుర్చీలో కూర్చున్నాడు గానీ టైంపీసు తేలేదు. నేను లేచి, "నా వాదాలన్నీ వాపసు తీసుకుంటున్నాను" అన్నాను. వాపసు తీసుకోవాలన్నా కారణం చెప్పాలి, అది మా ఇంటి నియమం. "పని అవసరం లేదని నేను నిరూపించలేదు నాయనా. నాకిష్టం లేదని నిరూపించాను. పని అట్లాగే ఉండిపోయింది. అమ్మ చేసింది" అన్నాను. నాయన కుర్చీలోంచి వాకిట్లోని ఆకు వైపు చూశాడు. ఎంతమంది పండితులతో వాదించినా తడబడని మనిషి. "తప్పు నీ వాదంలో కాదమ్మా. నా తీర్పులో ఉంది" అన్నాడు. లేచి, లాంతరు దింపి, పొయ్యిలోంచి బూడిద తెచ్చుకుని, పంచలో గొంతుక్కూర్చుని చిమ్నీ తోమడం మొదలుపెట్టాడు. పట్టు తెలియక మొదటి నిమిషంలోనే పగలగొట్టాడు. అవతలి పంచలో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా సభ చరిత్రలో అంత గట్టిగా నవ్విన రోజు ఇంకొకటి లేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో తినేవాళ్ళెవరికీ మినహాయింపు లేదు, అధ్యక్షుడితో సహా. దొరువు నీళ్ళు నాయనవి. సైకిలుకు రెండు వైపులా కడవలు కట్టుకుని తెచ్చేవాడు, దారిలో సగం ఇసుక తాగేది. వాకిలీ వంటా నావి. అంట్లూ నెత్తళ్ళూ సుధాకర్‌వి. వాడు నాలుగు రోజులు చేసి, మరియమ్మత్త దగ్గర గొప్పలు పోయాడు: "మా అమ్మకు నేను సాయం చేస్తా ఉండానత్తా!" అమ్మ పుస్తకం మూసింది. "సాయం ఏందిరా? పులుసు తిన్నది నువ్వు. కంచం నీది. నీ కంచం నువ్వు కడుక్కుంటే నాకు సాయమెట్టా అయిద్ది?" అంది. ఇన్నేళ్ళు వ్యాసాలు రాసి, వేదికలెక్కి, నేను ఇంతకంటే పదునైన ప్రశ్న వేయలేకపోయాను.

సుమకు నేను ఇదే చెప్పాను. నాయన కారణం చెప్పాలన్నాడు, మంచిదే. కానీ కారణాలు మాటల్లో ఉంటాయనుకున్నాడు. మాకు అసలు కారణం తెలిసింది ఎంగిలి కంచం ముందుకు వచ్చినప్పుడు, చేదు పులుసు నోట్లోకి పోయినప్పుడు, అమ్మ చేతిలో పుస్తకం చూసినప్పుడు. ఇప్పటి పిల్లలకు ఆ అవకాశమే లేకుండా చేశాం. సుమ ఇంట్లో ఆద్య వదిలేసిన కంచం పది నిమిషాల్లో మాయమైపోతుంది, ఉదయం సాయంత్రం వచ్చి పోయే పనిమనిషి చేతుల్లో. ఆ మనిషికి ఏ చదువు ఆగిపోయిందో ఆద్యకు తెలియదు. నిజం చెప్పాలంటే సుమకూ తెలియదు. నేనూ హైదరాబాదులో ఉన్నన్నాళ్ళు, శ్రమ గౌరవం మీద వ్యాసాలు రాస్తూ, నా అంట్లు ఎవరు తోముతున్నారో వెనక్కి తిరిగి చూడని రోజులున్నాయి. మా నాయన కూతుర్ని గదా! అప్పటికంటే ఇప్పుడు పిల్లలు చెడిపోయారని మాత్రం ఎవరూ నాతో అనకండి. నక్షత్రాలు అతికించే ఓపిక పక్కన పెట్టి, ఒక్క వారం చెయ్యి ముడుచుకుని కూర్చునే ధైర్యం పెద్దవాళ్ళకు ఉందా అన్నదే నా ప్రశ్న. అమ్మకు ఆ ధైర్యం ఉండింది.

పరీక్షలు కావలిలో. మొదటి రోజు నాయన అమ్మను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బిట్రగుంట స్టేషనుకు తీసుకుపోయి పాసింజరు ఎక్కించాడు. మేమిద్దరం తెల్లారకముందే లేచి పులుసన్నం కలిపి క్యారియర్‌లో కట్టి ఇచ్చాం. సాయంత్రం ఆమె తిరిగొచ్చే వేళకు రోడ్డు మీదికి ఎదురుపోయాం. పరీక్ష ఎట్లా రాసిందో నాయన అడగబోతుండగానే సుధాకర్ అడ్డొచ్చాడు: "అమ్మా, అన్నం ఎట్టుండింది?" ఆమె ఎవరి మనసూ నొప్పించకుండా అబద్ధం చెప్పగలదు. చెప్పలేదు. "ఉప్పెక్కువైంది. రేపు తగ్గించండి" అని, క్యారియర్ వాడి చేతికిచ్చింది. ఖాళీగా ఉంది.

ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు ఆదివారమే. నాయన తెల్లారగానే స్టేషనుకు పోయాడు. నేను వాకిలి చిమ్ముతున్నాను. సుధాకర్ బావి గట్టున అంట్ల దగ్గర ఉన్నాడు. ఆదివారం ఎసరు నాయన వంతు. పొయ్యి మీద పెట్టి, ఇప్పుడే వస్తానని పోయాడు. దూరం నుంచే సైకిలు బెల్లు ఆపకుండా కొడుతూ వచ్చి, పేపరు గాల్లో ఊపుతూ, అమ్మ చేతికిచ్చాడు. మేము పరుగెత్తి చెరోవైపు నిలబడ్డాం. అమ్మ గడప మీద కూర్చుని, వేలితో వరసలు వెంబడి కిందికి దిగుతూ పోయింది. ఒక చోట వేలు ఆగింది. మళ్ళీ ఒకసారి సరిచూసుకుంది. హాల్ టికెట్ తెప్పించి మూడోసారి చూసుకుంది. కళ్ళతో చూడంది నమ్మగూడదని నేర్పిన ఇల్లు. నాయన గొంతు సవరించుకుని, "ఈ సందర్భంగా ఒక సభ పెట్టి..." అని మొదలుపెట్టాడు.

అమ్మ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎర్రబడ్డ కళ్ళల్లో నీళ్ళు, మొహం నిండా నవ్వు. "సభ సంగతి తర్వాత" అంది. "లోపల ఎసరు పొంగుతా ఉండాది. ఎవరిదయ్యా అది?"

నాయన సైకిలు వాకిట్లోనే పడేసి లోపలికి ఉరికాడు.